పిల్లలతో సైన్స్ మ్యూజియం: బెజవాడ, గుంటూరు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్‌లో ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం నుంచే మా సత్యనారాయణపురంలో ఈ ప్రశ్నలు మొదలవుతాయి. మెట్ల మీద ఒకరు, పాల బూత్ దగ్గర ఇంకొకరు, గుంటూరు నుంచి ఫోన్లో మా వదిన. ఇద్దరు పిల్లలతో ఐదారుసార్లు వెళ్లొచ్చాను కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఈసారి రాసిపెట్టాను. వరుసగా చదవక్కర్లేదు. మీ డౌట్ ఎక్కడ కనిపిస్తే అక్కడే చదువుకోండి.

## వెళ్దామా వద్దా అనుకునేటప్పుడు

మ్యూజియం అంటే ఏదీ ముట్టుకోకూడదు కదా, పిల్లలకి బోరు కొట్టదా?

బందరు రోడ్డులో బాపు మ్యూజియంకి వెళ్తే చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. అక్కడున్నవి వందల ఏళ్లనాటి విగ్రహాలు, నాణేలు. సైన్స్ మ్యూజియంలో దీనికి పూర్తిగా తలకిందులు. హ్యాండిల్ తిప్పాలి, తాడు లాగాలి, కుర్చీ ఎక్కి గిర్రున తిరగాలి. ముట్టుకోకపోతే అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు. అమెరికాలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అనే భౌతిక శాస్త్రవేత్త 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లోరటోరియం అనే సైన్స్ మ్యూజియం పెట్టాక ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది. అణుబాంబు ఓపెన్‌హైమర్‌కి ఈయన తమ్ముడు. మన దేశంలో అంతకు పదేళ్ల ముందే, 1959లో, కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం తెరిచారు. 1978లో ఏర్పడిన జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి కింద ఇప్పుడు చాలా ఊళ్లలో సైన్స్ సెంటర్లు నడుస్తున్నాయి. పిల్లలకి బోరు కొట్టదు. బోరు కొడితే మనకే, రెండో గంట నుంచి.

విజయవాడ, గుంటూరు నుంచి వెళ్లొచ్చేంత దూరంలో ఏమున్నాయి?

ఎక్కువ మంది వెళ్లేది హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కి. నౌబత్ పహాడ్ మీద, బిర్లా మందిర్ పక్కనే ఉంటుంది. ప్లానెటోరియం 1985 నుంచి ఉంది. సైన్స్ మ్యూజియం, డైనోసార్ హాలు ఆ తర్వాత వచ్చాయి. బెజవాడ నుంచి రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్లు.

తిరుపతిలో అలిపిరి దారిలో ప్రాంతీయ సైన్స్ సెంటర్ ఉంది. దర్శనానికి ఎలాగూ వెళ్తాం కాబట్టి ఒక పూట దీనికి తీసి పెట్టుకోవచ్చు. కొండ దిగిన రోజు మాత్రం వద్దు. గుండ్లతో, నిద్రకళ్లతో ఉన్న పిల్లలు ఏ మీటనూ నొక్కరు. మేం ఆ తప్పు చేశాం.

మద్రాసులో కొట్టూర్‌పురం దగ్గర పెరియార్ సైన్స్ సెంటర్, దాన్ని ఆనుకుని బిర్లా ప్లానెటోరియం ఉన్నాయి. బెజవాడలో పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. బెంగళూరులో కబ్బన్ పార్కు పక్కన విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది. నన్నడిగితే అన్నిటికంటే అదే గొప్పది. రైట్ సోదరుల విమానానికి అసలు సైజులో చేసిన నమూనా చూసి మా పెద్దది నోరు తెరిచింది. బెంగళూరు వైపు వెళ్లే కొండవీడు, ప్రశాంతి రైళ్లు రెండూ గుంటూరు మీదుగానే వెళ్తాయి. కానీ రాత్రంతా ప్రయాణం కాబట్టి రెండు మూడు రోజులు పెట్టుకోవాలి.

మావాడికి ఇంకా నాలుగేళ్లే. తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, కానీ వాడి కోసమే అంత దూరం వెళ్లకండి. చాలా మీటలు వాడి తల కంటే ఎత్తులో ఉంటాయి, మీరు ఎత్తుకునే తిరగాలి. వంకర అద్దాలు, బయట పార్కులో గొట్టంలో మాట్లాడే ఆట, ఉయ్యాలలు వాడికి చాలు. ఏడేళ్లు దాటాక అసలు సరదా మొదలవుతుంది, ‘ఇలా కాకుండా అలా చేస్తే ఏమవుతుంది’ అన్న ఆలోచన వచ్చే వయసు అది. పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్లు మొదట ‘ఇవన్నీ చిన్నపిల్లలవి’ అని మొహం పెడతారు. పట్టించుకోకండి. అరగంటలో వాళ్లే చిన్నవాళ్లని పక్కకి జరిపి కూర్చుంటారు.

పాపకి సైన్స్ అంటే పడదు, మార్కులు కూడా తక్కువే. బలవంతంగా తీసుకెళ్లాలా?

సైన్స్ మ్యూజియం అని చెప్పకండి. హైదరాబాద్ వెళ్తున్నాం, డైనోసార్ చూస్తాం అనండి. పాపకి పడనిది సైన్స్ కాకపోవచ్చు, ప్రశ్న–జవాబు బట్టీ కావచ్చు. మా పక్కింటి అమ్మాయికి ఫిజిక్స్‌లో అత్తెసరు మార్కులు. తిరిగే కుర్చీ మీద చేతులు చాపితే మెల్లగా, ముడిస్తే గిర్రున తిరుగుతోందని అందరికంటే ముందు కనిపెట్టింది ఆ పిల్లే. అక్కడ మాత్రం ‘ఇది మీ సిలబస్‌లో ఉంది చూడు’ అని అనకండి. ఆ ఒక్క మాటతో మ్యూజియం ట్యూషన్ అయిపోతుంది.

నేను కామర్స్ చదివాను. పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

‘నాకూ తెలీదు, చూద్దాం పద’ అని చెప్పండి. నిజానికి సైన్స్ చదివినవాళ్లతోనే ఇబ్బంది. మా ఆయన ఇంజినీరు. పిల్ల హ్యాండిల్ మీద చెయ్యి వేసేలోపే ‘ఇది కోణీయ ద్రవ్యవేగం’ అని మొదలుపెట్టేవారు. పిల్ల వెంటనే చెయ్యి తీసేసేది. జవాబు ముందే వచ్చేశాక ఇంక తిప్పడం దేనికి? ఇప్పుడు ఆయన్ని టికెట్ల క్యూలోకి, తర్వాత బ్యాగుల కాపలాకి పంపిస్తున్నాను. ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకుంటే చాలు: ‘ఏమవుతుందనుకుంటున్నావు?’ మీట నొక్కే ముందు అడగాలి, నొక్కాక కాదు.

స్కూలు వాళ్లే ట్రిప్‌కి తీసుకెళ్తారు కదా, మళ్లీ మనమెందుకు?

నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, గంటన్నర టైము. వరుసలో నడిచి బయటికొస్తారు. వాళ్ల తప్పేం లేదు, అంతమందిని అంతకంటే మెల్లగా నడిపించడం కుదరదు. స్కూలు ట్రిప్‌లో స్నేహితులతో అల్లరి దొరుకుతుంది, ఒకే వస్తువు దగ్గర ఇరవై నిమిషాలు ఆగే వీలు దొరకదు.

## బయలుదేరే ముందు

ఎప్పుడు వెళ్తే రద్దీ తక్కువ?

వేసవి సెలవుల్లో వెళ్లేటట్టయితే మంగళ, బుధవారాలు మేలు. నవంబరు నుంచి సంక్రాంతి వరకు మామూలు రోజుల్లో పొద్దున పూట స్కూలు బస్సులు బారులు తీరి ఉంటాయి, మధ్యాహ్నం రెండు దాటాక ఖాళీ అవుతుంది. రామన్ ఎఫెక్ట్ కనుగొన్న ఫిబ్రవరి 28ని జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుతారు. ఆ రోజు ప్రత్యేక ప్రదర్శనలు ఉంటాయి, జనమూ అంతే ఉంటారు. దసరాకి మన ఊరికొచ్చే రైళ్లలో, సంక్రాంతి తర్వాత వెళ్లే రైళ్లలో కాలు పెట్టే చోటు ఉండదు కాబట్టి ఆ రెండు వారాలూ మర్చిపోండి. సెలవు రోజు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల మ్యూజియంకి ఒక రోజు, ప్లానెటోరియంకి వేరే రోజు సెలవు. ముందురోజు ఫోన్ చేసి రెండిటి గురించీ అడగండి.

హైదరాబాద్ పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా?

చేయొచ్చు, కానీ పిల్లలతో వద్దంటాను. బెజవాడలో శాతవాహన, గుంటూరులో గోల్కొండ ఎక్కి పగలు వెళ్తే సికింద్రాబాద్‌లో దిగేసరికి సగం రోజు రైల్లోనే అయిపోతుంది. లోపల చూడ్డానికి రెండు మూడు గంటలు కూడా మిగలవు. మా పద్ధతి ఇది: రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఎల్బీ నగర్‌లో దిగుతాం. బంధువుల ఇంట్లో స్నానాలు, టిఫిన్లు. తర్వాత అక్కడే మెట్రో ఎక్కితే రైలు మారకుండా అసెంబ్లీ, లక్డీకాపూల్ వరకు వెళ్లొచ్చు. రెండు స్టేషన్ల నుంచీ ఆటోకి దగ్గర. సికింద్రాబాద్‌లో దిగినవాళ్లు అమీర్‌పేటలో రైలు మారాలి. నిజం చెప్పనా, మా పిల్లలు స్కూల్లో ముందుగా చెప్పింది మెట్రో గురించే.

ఖర్చు ఎంతవుతుంది?

ప్రయాణం, భోజనాలదే పెద్ద ఖర్చు. ప్రవేశానికి పెట్టేది వాటి ముందు తక్కువే. ప్లానెటోరియం, మ్యూజియం, త్రీడీ షో అని విడివిడి టికెట్లు ఉంటాయి, కలిపి ఇచ్చే టికెట్ ఉందేమో కౌంటర్లో అడగండి. బయటికొచ్చే దారిలో బొమ్మల కొట్టు ఉంటే ఒక్కొక్కరికి ఇంత అని ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి. అక్కడికెళ్లాక బేరం కుదరదు.

ఏం బట్టలు వేయాలి? ఏం సర్దుకోవాలి?

ఆడపిల్లలకి పట్టులంగాలు, గౌన్లు వద్దు. తిరిగే కుర్చీ, తాళ్లు లాగి పైకెళ్లే కుర్చీ ఎక్కాలంటే ప్యాంటే హాయి. వేలాడే చున్నీ, పొడుగు గొలుసు తిరిగే చక్రాల్లో చిక్కుకుంటాయి, వద్దే వద్దు. అందరూ మర్చిపోయేది ఇంకొకటి: ఆ రోజు పొద్దున తలకి కొబ్బరినూనె పెట్టకండి. జుట్టు నిక్కబొడుచుకునే గోళం ఉంటే నూనె జడలు ఒక్క వెంట్రుక కూడా లేవవు. మా పెద్దదానికి అమ్మమ్మ రెండు జడలు బిగించి పంపింది. ముందు నిలబడ్డ పిల్లాడి జుట్టు ఏదుపంది ముళ్లలా లేచింది. దీని జడలు కదల్లేదు. ఆ ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

ఒక పాత నోట్‌బుక్, పెన్సిలు, మంచినీళ్ల సీసా, చిన్నవాడికి ఒక జత బట్టలు. ఇంకేం అక్కర్లేదు.

తినడానికి లోపల ఏమైనా ఉంటుందా?

కొన్నిచోట్ల చిన్న క్యాంటీన్ ఉంటుంది. దాన్ని నమ్ముకుని వెళ్లకండి. హాళ్లలోకి తిండి తీసుకెళ్లనివ్వరు, బయట చెట్టు కిందో బెంచీ మీదో తినాలి. పులిహోర, దద్దోజనం రెండూ ప్రయాణానికి తట్టుకుంటాయి. తినేసి లోపలికి వెళ్లండి, ఆకలితో ఉన్న పిల్లాడికి ఏ వింతా వింత కాదు.

ముందే యూట్యూబ్‌లో చూపించి తీసుకెళ్తే బాగా అర్థమవుతుందా?

వద్దు. చూసేసిన సినిమాకి తీసుకెళ్లినట్టు ఉంటుంది. తప్పకుండా ఏదో ఒకటి చేయాలనిపిస్తే ఇంట్లో బొంగరం తిప్పించండి. తిరిగినంతసేపు ఎందుకు నిలబడింది, ఆగగానే ఎందుకు పడింది అన్న ప్రశ్న బుర్రలో పెట్టుకుని రైలెక్కితే చాలు.

## లోపలికి వెళ్లాక

ఎంతసేపు పడుతుంది? అన్నీ చూడగలమా?

చూడలేరు, చూడక్కర్లేదు కూడా. రెండున్నర గంటలు దాటితే పెద్దవాళ్ల కాళ్లు, చిన్నవాళ్ల ఓపిక రెండూ అయిపోతాయి. మొదట పది నిమిషాలు పిల్లల్ని వాళ్లిష్టానికి పరిగెత్తనివ్వండి. ప్రతిదీ ఒకసారి నొక్కుతారు, ఏదీ చూడరు. ఆ ఊపు తగ్గాక రెండో చుట్టులో ఆగడం మొదలుపెడతారు. చాలామంది అమ్మానాన్నలు ఆ మొదటి చుట్టుకే ‘అయిపోయింది, పదండి’ అని బయటికి నడిపిస్తారు.

మావాడు ఒక్క దాని దగ్గరే ఆగిపోయాడు, కదలడే! మిగతావి ఎప్పుడు చూస్తాం?

వదిలేయండి. మీరు అంత దూరం వచ్చింది ఆ ఆగడం కోసమే.

మా చిన్నోడికి అప్పుడు ఆరేళ్లు. చీకటి గదిలో తెల్ల గోడ, ఎదురుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడు. మూడూ కలిసి గోడ తెల్లగానే కనిపిస్తోంది. వీడు వెళ్లి మధ్యలో నిలబడితే మూడు నీడలు పడ్డాయి. ఒకటి పసుపు, ఒకటి రాణి రంగు, ఒకటి లేత ఆకాశనీలం. వీడు వెనక్కి తిరిగి దీపాలు చూశాడు, మళ్లీ గోడ చూశాడు. ‘అమ్మా, ఇక్కడ పసుపు లైటే లేదు. నా నీడకి పసుపెక్కడిది?’ నోటిదాకా వచ్చిన జవాబు మింగేశాను. అక్కని పిలిచి ‘నీలం దీపానికి చెయ్యి అడ్డం పెట్టు’ అన్నాడు. గోడంతా పసుపైపోయింది. వీడి పసుపు నీడ మాయమైంది, ఎర్రది, ఆకుపచ్చది రెండే మిగిలాయి. ‘చెయ్యి తియ్యి... పెట్టు... తియ్యి...’ నలభై నిమిషాలు అదే పని. చివరికి వాడే అన్నాడు: ‘నీలం నా వెనక ఆగిపోతే మిగతా రెండూ కలిసి పసుపు అవుతున్నాయి.’ ఎరుపు, ఆకుపచ్చ వెలుగు కలిస్తే పసుపు అని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు మేం ప్లానెటోరియం షో టైము దాటించేశాం. టికెట్ డబ్బులు పోయాయి. మా ఆయన దారంతా సణిగారు.

బోర్డులు పిల్లలకి చదివి వినిపించాలా?

ముందు ఆడనివ్వండి, అడిగితే చదవండి. తెలుగు రాష్ట్రాల్లో చాలా బోర్డులు తెలుగులో కూడా ఉంటాయి. కాకపోతే ఇంగ్లిష్ మీడియం పిల్లలకి ఆ మాటలు కొత్త. జడత్వం, పరావర్తనం, గురుత్వ కేంద్రం దగ్గర ఆగిపోతారు. ‘జడత్వం అంటే ఏంటమ్మా’ అని మా పెద్దది అడిగింది. పొద్దున నిన్ను మంచం మీంచి లేపడానికి నేను పడే పాట్లు, లేచి ఆటలో పడ్డాక నిన్ను ఆపడానికి పడే పాట్లు, రెండూ జడత్వమే అన్నాను. పరీక్షలో రాయడానికి పనికిరాదు కానీ మర్చిపోలేదు.

ఇవి ఎలా పనిచేస్తాయో సులువుగా చెప్పరూ?

దాదాపు అన్నిచోట్లా కనిపించేవి కొన్ని చెప్తాను. పిల్లలు ఆడి అలిసిపోయాక చెప్పడానికే సుమా.

గుసగుస పళ్లేలు: దూరదూరంగా రెండు పెద్ద పళ్లేలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాని ముందు మెల్లగా మాట్లాడితే అంత దూరంలో ఉన్నవాళ్లకి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. మాట పళ్లేనికి తగిలి చెదరకుండా తిన్నగా వెళ్లి, రెండో పళ్లెం మీద పడి మళ్లీ ఒక్క చోట కూడుతుంది. డిష్ యాంటెన్నా పని కూడా ఇదే. మామూలుగా అరిచే పిల్లలు దీని దగ్గర మాత్రం గుసగుసలాడతారు, అదో సుఖం.

చేతి బ్యాటరీ: ఒక చెయ్యి రాగి రేకు మీద, ఇంకోటి అల్యూమినియం రేకు మీద పెడితే మీటరు ముల్లు కదులుతుంది. చెమటలోని ఉప్పుతో రెండు లోహాల మధ్య కొద్దిగా కరెంటు పారుతుంది. చెయ్యి ఎంత తడిగా ఉంటే అంత మంచిది. మేలో బెజవాడ నుంచి వెళ్లినవాళ్ల దగ్గర ఆ ముల్లు బాగా పలుకుతుంది.

పైకి దొర్లే కోను: రెండు గరాటాలు అంటించినట్టుండే వస్తువు పట్టాల మీద ఎత్తువైపుకి దొర్లిపోతుంది. పట్టాలు పైకి వెళ్లేకొద్దీ ఎడం అవుతాయి కాబట్టి అది వాటి మధ్యకి దిగబడుతూ ఉంటుంది. పక్కకి వెళ్లి దాని నడిమి భాగాన్ని చూడమనండి, నిజంగా కిందికే దిగుతోంది.

గిలకల కుర్చీ: బావి గిలక ఒక్కటే ఉంటే బరువు తగ్గదు, లాగే దిక్కు మారుతుందంతే. పైన కొన్ని, కుర్చీతోపాటు కదిలేవి కొన్ని కలిసి గిలకలు పెరిగేకొద్దీ తక్కువ బలం చాలు, కాకపోతే తాడు అంత ఎక్కువ లాగాలి. ఆరేళ్ల పిల్లాడు తనను తాను పైకి లాక్కోగలడు.

ఫూకో లోలకం: 1851లో లియోన్ ఫూకో ప్యారిస్‌లో 67 మీటర్ల తీగకి బరువైన గుండు వేలాడదీసి భూమి తిరుగుతోందని జనానికి కళ్లారా చూపించాడు. లోలకం ఊగే దిశ మెల్లగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి దాని కింద నేల తిరుగుతోంది. భూమధ్యరేఖకి దగ్గరైన కొద్దీ ఆ తిరుగుడు నెమ్మదిస్తుంది. ప్యారిస్‌లో ఒక చుట్టుకి 32 గంటలు చాలు. మన విజయవాడలో వేలాడదీస్తే గంటకి నాలుగు డిగ్రీల పైచిలుకు జరుగుతుంది, పూర్తి చుట్టుకి సుమారు మూడున్నర రోజులు పడుతుంది. ఢిల్లీ కొత్త పార్లమెంటు భవనంలోనూ ఒకటి ఉంది. పిల్లలకి దీని దగ్గర ఓపిక ఉండదు. వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి చూపించి తేడా అడగండి.

మీట నొక్కితే పనిచేయడం లేదు. టికెట్ డబ్బులు దండగేనా?

వేల చేతులు పడే వస్తువులు, కొన్ని పాడవుతూనే ఉంటాయి. నాలుగైదు ఆగిపోతే సర్దుకోవచ్చు. ఒకసారి మేం వెళ్లిన చోట, పేరెందుకులెండి, ఒక హాల్లో సగానికి సగం మూగబోయి ఉన్నాయి. అడిగితే అక్కడాయన ‘పిల్లలే పాడు చేస్తారమ్మా’ అన్నాడు. పిల్లలు ముట్టుకోవడానికి పెట్టినదాని గురించి ఆ మాట అనడం నాకు నచ్చలేదు, ఫిర్యాదు పుస్తకంలో రాసి వచ్చాను. మీరూ రాయండి. ఆగిపోయినదాని దగ్గర ‘ఇది పనిచేస్తే ఏం జరిగేదంటావు’ అని అడిగి చూడండి. మా పెద్దది వైరు ఎక్కడ ఊడిందో వెతికిపెట్టింది.

జుట్టు లేచే గోళం ముట్టుకుంటే షాక్ కొడుతుందా?

అది వాన్ డి గ్రాఫ్ జనరేటర్. వోల్టేజి వేలల్లో, లక్షల్లో ఉన్నా అక్కడ వాడే చిన్న యంత్రాల్లో ఒంట్లోంచి పారే విద్యుత్తు చాలా తక్కువ. సిబ్బంది చెప్పినట్టు గోళం మీద ముందే చెయ్యి పెట్టి, వాళ్లు ఆపేదాకా తీయకుండా ఉంటే ఏమీ కాదు. మధ్యలో చెయ్యి తీసి పక్కవాళ్లని ముట్టుకుంటే చిటుక్కుమంటుంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువైతే జుట్టు సరిగా లేవదు, నిరుత్సాహపడకండి. లోపల ఊదారంగు మెరుపులు ఆడే గాజు గోళాన్ని వేళ్లతో నిమరొచ్చు.

మామగారికి పేస్‌మేకర్ ఉంది. ఆయన రావచ్చా?

రావచ్చు. జుట్టు లేచే యంత్రానికి, పెద్ద అయస్కాంతాలకి, మెరుపులు పుట్టించే ప్రదర్శనలకి దూరంగా ఉండాలి. లోపలికి వెళ్లగానే సిబ్బందికి చెప్పండి, బయలుదేరే ముందు ఆయన డాక్టరునీ అడగండి. వెలుగు టపటపా ఆరి వెలిగే గదులు ఫిట్స్ వచ్చే పిల్లలకి పడకపోవచ్చు, అలాంటి గది ముందు మీరు చూసి వచ్చాకే పిల్లని పంపండి.

పెద్దపిల్లలు తోసేస్తున్నారు, మావాడి వంతు రావట్లేదు.

గొడవ పడకండి, వేరేదాని దగ్గరికి వెళ్లి రండి. ఒక స్కూలు గుంపు పదిహేను నిమిషాల్లో ముందుకి వెళ్లిపోతుంది. ద్వారం దగ్గర మొదలుపెట్టకుండా చివరి హాలు నుంచి వెనక్కి రావడం ఇంకా మంచిది.

పాపకి చీకటంటే భయం. ప్లానెటోరియం షోకి తీసుకెళ్లొచ్చా?

ఐదేళ్లలోపు వాళ్లయితే నేను తీసుకెళ్లను. గది మొత్తం చీకటి చేస్తారు, మొదటి నిమిషంలోనే ఒకరిద్దరు పిల్లలు బావురుమంటారు. మొదలయ్యాక తలుపులు మూసేస్తారు, మధ్యలో వెళ్లాలంటే తడుముకుంటూ వెళ్లాలి. భయమున్న పిల్లని తలుపు దగ్గరి వరుసలో కూర్చోబెట్టుకుని, ‘ముందు సాయంత్రం అవుతుంది, తర్వాత రాత్రి, చివర్లో తెల్లారుతుంది’ అని చెప్పి ఉంచండి. హైదరాబాద్‌లో తెలుగు షో వేరే టైముకి ఉంటుంది. నానమ్మ కూడా ఉంటే టికెట్ కొనేటప్పుడే భాష అడగండి.

హైదరాబాద్‌లో ఉన్న డైనోసార్ నిజందేనా?

ప్లాస్టిక్ బొమ్మ కాదు. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత–గోదావరి లోయలో ‘కోట’ అని పిలిచే రాతి పొరల్లో దొరికింది. 1988లో పి. యాదగిరి అనే శాస్త్రవేత్త ఆ ఊరి పేరునే దానికి పెట్టారు. జురాసిక్ కాలపు శాకాహారి. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు దొరికాయి గానీ తల మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప. అందుకని అక్కడ కనిపించే తల ఊహించి చేసి పెట్టింది. ఈ సంగతి పిల్లలకి చెప్పండి. మావాడు ఆ తలని అరగంట అనుమానంగా చూశాడు, తర్వాత తనకి తోచిన తల ఒకటి నోట్‌బుక్‌లో గీశాడు. దానికి మీసాలు కూడా ఉన్నాయి.

పిల్లాడు ఏదైనా విరగ్గొడితే?

ఆడుతూ విరిగితే వెంటనే సిబ్బందికి చెప్పండి, చాలాసార్లు ‘ఫర్వాలేదు’ అనే అంటారు. దాచి పక్కకి జరగడం వద్దు. పదునైన ముక్కకి వెనకొచ్చే పిల్ల చెయ్యి కోసుకుంటుంది.

రద్దీలో తప్పిపోతే?

లోపలికి వెళ్లగానే ‘తప్పిపోతే ఇక్కడ నిలబడు’ అని ఒక చోటు చూపించండి. డైనోసార్ తోక దగ్గర, లోలకం దగ్గర, అలాంటి పెద్ద గుర్తు. జేబులో మీ ఫోన్ నంబరు చీటీ పెట్టండి.

## ఇంటికొచ్చాక

చూసినవన్నీ వ్యాసంలా రాయించాలా?

వద్దండీ బాబూ. రాత్రి భోజనాల దగ్గర ‘తాతయ్యకి ఒకటి చూపించు’ అనండి. చెప్పమని కాదు, చూపించమని. చేతులతో చూపించబోతే ఎక్కడ అర్థం కాలేదో వాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో చేసుకోగలిగేవి ఉన్నాయా?

తిరిగే ఆఫీసు కుర్చీ, రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు. చేతులు చాపించి మెల్లగా తిప్పండి, తర్వాత సీసాలు గుండెకి దగ్గరగా తెచ్చుకోమనండి. వేగం ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి చుట్టూ బల్ల అంచులు లేకుండా చూసుకోండి.

నాలుగు నిమ్మకాయలు, నాలుగు జింకు పూత మేకులు, నాలుగు రాగి తీగ ముక్కలు. ఒక్కో కాయలో ఒక మేకు, ఒక తీగ గుచ్చి, ఒక కాయ మేకుని పక్క కాయ తీగకి కలుపుతూ పోయి, రెండు చివర్లా మిగిలిన తీగకి, మేకుకి చిన్న ఎర్ర ఎల్‌ఈడీ కాళ్లు తగిలిస్తే మసగ్గా వెలుగుతుంది. వెలగకపోతే ఎల్‌ఈడీ కాళ్లు తిప్పి పెట్టండి. ఆ కాయలతో పులిహోర కలపకండి, లోహం దిగి ఉంటుంది.

హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి నిలువుగా పట్టుకుని, పైన పింగ్‌పాంగ్ బంతి వదలండి. గాలిలోనే ఆడుతుంది. డ్రయ్యర్ కొద్దిగా పక్కకి వంచినా పడదు.

అంత దూరం వెళ్లలేం. ఊళ్లోనే ఏమైనా చూపించొచ్చా?

గాంధీ కొండ మీద ప్లానెటోరియం ఉంది, నడుస్తోందో లేదో కనుక్కుని వెళ్లండి. ఆ కొండకి ఒకప్పుడు ఓర్ కొండ అని పేరు. కృష్ణ మీద 1855లో పూర్తయిన పాత ఆనకట్ట కట్టించిన ఇంజినీరు కెప్టెన్ ఓర్. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది, పొడవు 1,223 మీటర్ల పైన.

నన్నడిగితే బ్యారేజీయే మన ఊరి సైన్స్ మ్యూజియం. వరదలప్పుడు పోలీసులు నిలబడనిచ్చిన చోట దూరంగా ఆగి గేట్ల కిందనుంచి వచ్చే నీళ్లు చూపించండి. గేటు దగ్గర నున్నగా, అద్దంలా జారిన నీరు కాస్త ముందుకెళ్లి ఒక్కసారిగా ఎగిరిపడి తెల్లగా నురగలు కక్కుతుంది. ఎప్పుడూ దాదాపు అదే చోట. ఎందుకని మావాడు అడిగాడు. వేగంగా జారే నీరు ముందున్న నెమ్మది నీటిని గుద్దుకుని పైకి లేస్తుంది, ఆ జోరంతా అక్కడే నురగలో కరిగిపోతుంది, లేకపోతే కింద నది అడుగు కోసుకుపోతుందట. ఇది నాకు చెప్పింది మా ఆయనే. అప్పుడు మాత్రం ఆయన్ని బ్యాగుల దగ్గరికి పంపలేదు.